ఆరోగ్య విషయములు: చంకలో బిళ్ళ యేల కట్టినది?

2021 వ సంవత్సరమున నేనును మా యత్తగారును ఒకేనాడు కోవిషీల్డు టీకా వేయించుకొంటిమి. ఆ రాత్రియే నాకు జ్వరము తగిలినది. తరువాత చంకలో బిళ్ళ కట్టినది. ఆమెకు ఒళ్ళైనను వెచ్చపడలేదు. నాకేమి కీడు మూడునో యని నా దిగులు, తనకు మందు పట్టలేదేమో యని ఆమె దిగులు. ఇట్టి సందేహమే పలువురు సోదరీమణులకు కలిగియుండును.

ఆ మందులో కరోనా వైరసు లేదు. చింపాంజీలలో నుండు అడినోవైరసు నొకదానిని మన శరీరమున వృద్ధిపొందకుండునట్లు మార్చి, కరోనా వైరసుపై నుండు ముండ్లను తయారుచేయు వ్రాతను అందులో నిమిడ్చిరి. అడినోవైరసు బండి, ఆ వ్రాత సరకు. మన కణములే దానిని చదివి ముండ్లను చేయును. అయితే ముండ్లు తయారైనంతమాత్రమున రక్షణ కలుగదు. వానిని కొనిపోయి చూపువారు కావలెను.

ఆ పని చేయునవి చెట్టుకొమ్మలవలె చేతులు చాచియుండు కణములు. 1868 లో పాల్ లాంగర్‌హాన్సు అను వైద్యవిద్యార్థి బెర్లినులో వీనిని చర్మమున చూచి నరములని భ్రమపడెను. 1973 లో న్యూయార్కు నగరమున స్టైన్మన్, కోన్ అను శాస్త్రజ్ఞులు ఎలుక ప్లీహమున వీనిని గుర్తించి, చెట్టను నర్థముగల గ్రీకుమాటతో డెండ్రిటిక్ కణములని పేరిడిరి. 2011 లో స్టైన్మన్‌కు నోబెలు బహుమానము ప్రకటించునప్పటికి ఆయన గతించి మూడు దినములైనది. ఆ సంగతి ప్రకటించినవారికి తెలియదు!

ఈ కణములన్నియు నొక్కతీరువి కావు. ఇంటిలో పనులు పంచుకొన్నట్లు అవియు పంచుకొన్నవి. ఒక జాతి కేకవేయునది: వైరసు జాడ తెలియగానే ఇంటర్‌ఫెరాను అను పదార్థమును విడుచును. జ్వరమును ఒళ్ళునొప్పులును చాలవఱకు ఇట్టి కేకల ఫలమే. ఇంకొక జాతి, ఇతర కణములు చేసిన ముండ్ల తునకలను ఏఱి తెచ్చి, వైరసు పట్టిన కణములను చంపు సైనికులకు చూపును. 2008 లో అమెరికాలో ఈ జాతి లేని ఎలుకలకు వైరసు నెక్కింపగా ఆ సైన్యము సరిగా లేవలేదు. మఱియొక జాతి సహాయ కణములకు పాఠము చెప్పును. వాని తోడ్పాటుననే ప్రతిరక్షకములు బాగుగా పుట్టును. కావున బండి ఏ జాతిని ఎంత మేలుకొల్పునో దానినిబట్టియు రక్షణ యుండును. అడినోవైరసు బండ్లు సైనికులను లేపుటలో దిట్టలు.

చేతికి సూది పొడిచినచో ఈ కణములు తునకలను మోసికొని సన్నని నాళముల వెంట చంకలోని గ్రంథులకు పోవును. అచ్చట తగిన రక్షక కణము దొరికెనా, అది ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగును. గ్రంథి ఉబ్బును. అదియే నా బిళ్ళ. ఇట్టిది కొన్ని వారములలో కరగిపోవును. కరగనిచో, రొమ్మున గడ్డ కూడ తగిలినచో, టీకా మీదికి నెట్టక వైద్యురాలికి చూపవలెను.

ఇక మా యత్తగారి మాట. 2020 నాటి పరీక్షలలో పెద్దవయస్సువారికి జ్వరము తక్కువగా వచ్చినది. అయినను రెండు మోతాదుల పిమ్మట వారిలోను ప్రతిరక్షకములు చిన్నవారిలోవలెనే కలిగినవి. కేక చిన్నదైనను వార్త చేరినది. ఈ టీకావలన బహుకొద్దిమందికి రక్తము గడ్డకట్టు ప్రమాదము కలిగిన మాట నిజమే. అది వేఱు సంగతి, ఒకటి రెండు దినముల జ్వరము దానికి గుర్తు కాదు.

రెండవ మోతాదుకు నాకు జ్వరము రాలేదు. మా యత్తగారు నా నుదురు తాకిచూచి, "ఏమమ్మా, ఈ మాఱు నీకును పట్టలేదా?" యని నవ్విరి.