ఢోలు వాయించినవాడి పేరేమిటి?

ఏటా నవంబరు 15న జంషెడ్‌పూర్‌లోని గోపాల్ మైదానంలో నగారాలు ఒక్కసారిగా మోగుతాయి. బిర్సా ముండా జయంతి, జార్ఖండ్ అవతరణ దినం కలిసివచ్చే ఆ రోజున టాటా స్టీల్ ఫౌండేషన్ నిర్వహించే ‘సంవాద్’ ఆదివాసీ సమ్మేళనం ప్రారంభమవుతుంది. 2014లో మొదలైన ఈ వేడుకకు మంత్రులు, అధికారులు, కంపెనీ పెద్దలు తరలివస్తారు. వేదిక మీదివారి పేర్లు మర్నాడు పత్రికల్లో కనిపిస్తాయి. నగారా పట్టినవారి పేర్ల కోసం వెతికే పాఠకుడికి సాధారణంగా నిరాశే మిగులుతుంది. ఫొటో ఉంటుంది, పేరుండదు.

ఇది పత్రికల అలసత్వం మాత్రమే అయితే ఇంత చర్చ అక్కర్లేదు. ఆ అలవాటు ప్రభుత్వ పురస్కారాల జాబితాల్లోకి, పథకాల పద్దుల్లోకి ఎలా చేరిందో తెలియాలంటే జంషెడ్‌పూర్‌కు సుమారు నలభై కిలోమీటర్ల దూరంలో, ఖర్కయి నది ఒడ్డున ఉన్న సరాయికెలా వరకు వెళ్లాలి.

సరాయికెలా చిన్న పట్టణం. అయినా అక్కడి ఛౌ నృత్యం ఏడు పద్మశ్రీలను తెచ్చిపెట్టింది. దేశంలో ఇంత చిన్న ఊరికి, ఒకే కళకు, ఇన్ని పద్మాలు దక్కిన సందర్భాలు అరుదు. పూర్వ రాజవంశం నుంచి ఒక సింగ్‌దేవ్, ఆ తరువాత ఒక సాహు, ఒక పతి, ఒక మహంతి, ఒక దరోఘా, ఒక దూబే, చివరిగా 2020లో ఒక ఆచార్య. ఏడుగురూ నర్తకులుగా, గురువులుగా ఆ గౌరవం పొందినవారు. అందరూ అర్హులే. ఎవరి పురస్కారాన్నీ తప్పుపట్టవలసిన పని లేదు.

ఇప్పుడు మరొక జాబితా చూడాలి. 2010లో యునెస్కో ఛౌను మానవాళి అమూర్త వారసత్వ సంపదగా గుర్తించింది. ఆ పత్రంలో ప్రదర్శకుల వర్గాల కింద ముండా, మహతో వంటి పేర్ల సరసన మహంతి, దరోగా, ఆచార్య, దూబే, సాహు పేర్లు కనిపిస్తాయి. సంగీతకారుల వర్గాలను విడిగా పేర్కొన్నారు: ముఖి, కాళింది, ఘఢేయి, ధాడా. వాయిద్యాల తయారీ కూడా వీరి చేతిలోనే ఉందని అదే పత్రం చెబుతుంది. మొదటి జాబితాలోని ఇంటిపేర్లు పద్మశ్రీల్లో అయిదుసార్లు వినిపిస్తాయి. రెండవ జాబితాలోని ఇంటిపేరు సరాయికెలా పద్మశ్రీల్లో ఒక్కటి కూడా లేదు. అంతర్జాతీయ పత్రంలో రాతపూర్వకంగా నమోదైన వర్గం ఢిల్లీ కంటికి ఆనకపోవడాన్ని యాదృచ్ఛికమనడం కష్టం.

ఛౌ చూసినవారికి ఈ అన్యాయపు బరువు తెలుస్తుంది. సరాయికెలా ఛౌలో నర్తకుడి ముఖం మాస్కు వెనుక ఉంటుంది. కన్ను కదపడానికి లేదు, పెదవి విప్పడానికి లేదు, పాట లేదు. ముఖంతో చెప్పవలసినదంతా దేహం చెప్పాలి, దేహానికి ఆ మాట ఢోలు అందించాలి. మాస్కులో ఊపిరి సరిగా ఆడదు కనుక అక్కడి నృత్యాలు కొద్ది నిమిషాలకే ముగుస్తాయి. ఆ కొద్ది నిమిషాల నడకను, ఆపును, ఎగుపును పట్టుకుని ఉండేది ఢోలు, నగారా, షెహనాయి. నేల మీద ఓ పక్కన నిలబడి నర్తకుడి పాదాన్ని చూస్తూ దెబ్బ వేసే ఆ మనిషిని తీసేస్తే మిగిలేది మాస్కు మాత్రమే. మాస్కుకైనా ఆలస్యంగా గుర్తింపు వచ్చింది. పక్కనున్న పురూలియా ఛౌ మాస్కుల శిల్పి నేపాల్ చంద్ర సూత్రధర్‌కు 2024లో, మరణానంతరం, పద్మశ్రీ ప్రకటించారు. వాద్యకారుడి వంతు ఇంకా రాలేదు.

పురస్కారాల సంగతి పక్కనపెట్టి డబ్బు లెక్క చూద్దాం. కేంద్ర సంస్కృతి శాఖ ఆధీనంలోని ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాలు గురుశిష్య పరంపర పథకాన్ని నడుపుతాయి. ఆ పథకంలో ఏళ్ల తరబడి ఉన్న లెక్క ఇది: గురువుకు నెలకు 7,500 రూపాయలు, సహవాద్యకారుడికి 3,750, శిష్యుడికి 1,500. సరిగ్గా సగం! ఏ కమిటీ ఏ కొలబద్దతో ఢోలును నృత్యంలో సగమని తేల్చిందో గాని, ఆ సగం అంకె మాత్రం పద్దులో స్థిరపడిపోయింది. నర్తకుడు గురువు, వాద్యకారుడు అతనికి ‘సహ’. ఆ ఒక్క ఉపసర్గ విలువ నెలకు 3,750 రూపాయలు.

లోకమంతటా ఇలాగే ఉందనుకుంటే పొరపాటు. సముద్రాల ఆవల, టెక్సస్‌లోని మెక్సికన్ అమెరికన్ల ‘కొన్‌హుంతో’ సంగీతం ఇందుకు ఉదాహరణ. జర్మన్ వలసదారులు తెచ్చిన అకార్డియన్‌ను అక్కడి పత్తి కూలీలు తమదిగా చేసుకున్నారు. అకార్డియన్ మన హార్మోనియానికి దాయాది. ఇదీ యూరప్ నుంచే వచ్చి మన పద్యనాటకాలకు ప్రాణమైంది, 1940లో ఆకాశవాణి నిషేధానికీ గురైంది. పరాయి వాయిద్యం ఎప్పుడు సొంతమవుతుందో పల్లె ముందు తేలుస్తుంది, కార్యాలయం తరువాత తెలుసుకుంటుంది.

ఆ అకార్డియన్ సంప్రదాయానికి ఆద్యుడిగా పేరొందిన నార్సిసో మార్టినెస్ లారీ నడిపాడు, పొలం పనులు చేశాడు, బ్రౌన్స్‌విల్ జంతుప్రదర్శనశాలలో కొలువు చేశాడు. 1983లో అమెరికా జాతీయ కళానిధి సంస్థ అతనికి జాతీయ వారసత్వ ఫెలోషిప్ ఇచ్చింది. అసలు చెప్పుకోవలసింది ఆ తరువాతి సంగతి. 1930లలో అతని పక్కన బాహో సెక్స్తో అనే పన్నెండు తీగల గిటారు వాయించిన శాంతియాగో అల్మెయిదాకు, పొట్టకూటికి వాషింగ్టన్ రాష్ట్రానికి తరలిపోయిన ఆ సహవాద్యకారుడికి, 1993లో అదే ఫెలోషిప్ దక్కింది. సగం కాదు, అదే గౌరవం. పదేళ్లు పట్టింది, నిజమే. అయినా పక్క వాయిద్యాన్ని విడిగా ఒక విద్యగా ప్రభుత్వం గుర్తించింది. తరువాతి తరంలో శాంతియాగో హిమెనెస్ జూనియర్ 2016లో ఒబామా చేతుల మీదుగా జాతీయ కళా పతకం అందుకున్నాడు. అతని అన్న, 2025 జులై 31న కన్నుమూసిన ఫ్లాకో హిమెనెస్, అకార్డియన్‌ను ప్రపంచ వేదికలెక్కించాడు. శాన్ ఆంటోనియోలోని గ్వాదలూపే సాంస్కృతిక కేంద్రం 1982 నుంచి ఈ సంగీతానికి ఉత్సవం జరుపుతోంది. వలెరియో లొంగోరియా వంటి దిట్ట అక్కడే పిల్లలకు అకార్డియన్ నేర్పాడు. అమెరికాను ఆదర్శంగా నిలబెట్టడం ఇక్కడి ఉద్దేశం కాదు. అదే కళానిధి సంస్థ 2025 మే నెలలో ఎన్నో కళాసంస్థల గ్రాంటులను రద్దు చేసింది. సరిహద్దు గోడ రాజకీయాలు ఉండనే ఉన్నాయి.

సరిహద్దు అనగానే సింగ్‌భూమ్‌కు, టెక్సస్‌కు మరో పోలిక స్ఫురిస్తుంది. 1848 ఒప్పందంతో అమెరికా, మెక్సికోల సరిహద్దు రియో గ్రాండే వద్ద ఖరారైంది. ఇళ్లు కదలకుండానే మనుషుల దేశం మారింది. సరిగ్గా నూరేళ్లకు, 1948 జనవరి 1న సరాయికెలా, ఖర్సావాన్ సంస్థానాలు ఒడిశాలో విలీనమయ్యాయి. ఆ రోజే ఖర్సావాన్ సంతలో విలీనాన్ని వ్యతిరేకిస్తూ గుమిగూడిన ఆదివాసీలపై పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్క 35 మరణాలు. జనం లెక్క దానికి ఎన్నో రెట్లు. మే 18న ఆ రెండు సంస్థానాలను బిహార్‌కు మార్చారు, 2000లో అవి జార్ఖండ్‌లో భాగమయ్యాయి. పాలకుల రాజధాని కటక్, పట్నా, రాంచీలుగా మారుతూ వచ్చింది. చైత్ర పర్వంలో ఢోలు మాత్రం మారలేదు. ఖర్సావాన్ అర్జున్ ముండాను, సరాయికెలా చంపాయ్ సోరెన్‌ను ముఖ్యమంత్రి పీఠం వరకు పంపాయి. ఏ పార్టీ ముఖ్యమంత్రి అయినా జనవరి 1న అమరుల స్మారకం వద్ద తల వంచక తప్పదు. ఆ అస్తిత్వ రాజకీయానికి నగారా చప్పుడు కావాలి. నగారా తయారుచేసే కులం సమస్య మాత్రం అజెండాలోకి రాదు.

కారణం అంకెల్లోనే ఉంది. 81 స్థానాల శాసనసభలో ఎస్టీలకు 28, ఎస్సీలకు 9. జార్ఖండ్ రాజకీయ భాష ప్రధానంగా ఆదివాసీ భాష, అందుకు బలమైన చారిత్రక కారణాలున్నాయి. కాని గ్రామాల్లో తరతరాలుగా వాద్యం మోసిన ఘాసీ వంటి ఎస్సీ కులాలు చెల్లాచెదురుగా, ఒక్కో ఊళ్లో కొన్ని గడపలుగా బతుకుతాయి. ఎక్కడా నియోజకవర్గాన్ని తిప్పగల బలం లేదు. ఆ ఘాసీ సమాజం నుంచే వచ్చిన నాగపురీ కళాకారుడు ముకుంద్ నాయక్‌కు 2017లో పద్మశ్రీ వచ్చింది. దారి మూసుకుపోలేదని చెప్పడానికి ఆయన పేరు చాలు. కాని అందరినీ దాటి ఒక్కడు ఎక్కివచ్చినందుకు దారి బాగుందని వాదించడం తగదు.

తెలుగు పాఠకులకు ఈ కథ కొత్తది కాదు. ఉక్కు కర్మాగారం కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి, బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకున్న తెలుగువారు జంషెడ్‌పూర్‌లో తరాలుగా ఉన్నారు. ఇక తెలంగాణలో పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య ఉన్నాడు. మాదిగలను ఆశ్రయించి బతికే డక్కలి కులంలో పుట్టి, పండుగ సాయన్న కథను కిన్నెర మీద నిలిపిన అతనికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించారు. 2024 మే నెలలో అతను తుర్కయాంజాల్ దగ్గర భవన నిర్మాణంలో కూలిపని చేస్తూ కనిపించాడు. పద్మ పురస్కారంతో పాటు నగదు ఉండదని, కనీసం రైలు రాయితీ కూడా ఉండదని చాలామందికి అప్పుడే తెలిసింది. పద్మాలు పొందిన పేద కళాకారులకు నెలకు 25 వేల పింఛను ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించి అప్పటికి మూడు నెలలైంది. ప్రకటనకు, బ్యాంకు ఖాతాకు మధ్య ఉన్న దూరం ఎంతో ఆ ఒక్క ఫొటో చూపింది. అయినా ఆ ప్రకటన ఒక మెట్టు. అదే ఏడాది బుర్రవీణ దాసరి కొండప్పకు పద్మశ్రీ వచ్చినప్పుడు, బిరుదుతో పాటు బతుకు గురించి కూడా అడగాలన్న స్పృహ కనీసం చర్చలోనైనా ఉంది.

జార్ఖండ్‌లో ఆ చర్చ మొదలు కావలసి ఉంది. సరాయికెలా నుంచి ఎనిమిదో పద్మశ్రీకి పేరు పంపేటప్పుడు రాష్ట్ర ప్రభుత్వం యునెస్కో పత్రంలోని రెండో జాబితాను తెరవాలి. బడులకు, ఉత్సవాలకు ఛౌ బృందాలను పిలిచే శాఖలు వాద్యకారుల పారితోషికాన్ని బృందనాయకుడి ఖాతాలో కలిపేయకుండా విడిగా చెల్లించాలి. ఢోలుకు తోలు, కొయ్య కొనే ఖర్చును ఎవరు భరిస్తున్నారో లెక్క రాయాలి. ఇవేవీ పెద్ద బడ్జెట్ అడిగే పనులు కావు. గోపాల్ మైదానంలో వచ్చే నవంబరు 15న నగారా మోగేముందు మైకులో ఆ వాయించేవారి పేర్లు, ఊళ్లు చదవడానికి పట్టేది అయిదు నిమిషాలు. గురుశిష్య పరంపర పద్దులో 3,750ని 7,500గా దిద్దడానికి ఒక్క ఉత్తర్వు చాలు. దాని మీద సంతకం చేయవలసింది రాంచీ కాదు, ఢిల్లీ.