క్రియ చివర రెండక్షరాలు

షిఫ్టు మారే వేళ లాగ్‌బుక్కులో 'పంప్ నంబర్ 2 స్టార్ట్' అని ఒక పంక్తి వ్రాసి ఉన్నదనుకొందాము. తరువాతి షిఫ్టులో వచ్చినవారు దీనిని ఏమని గ్రహించాలి? పంపు నడిపించారనా, ఇక నడిపించవలసి ఉన్నదనా? 'స్టార్టెడ్' అని వ్రాస్తే పని జరిగిపోయినది. 'టు బి స్టార్టెడ్' అని వ్రాస్తే జరుగవలసి ఉన్నది. 'స్టార్ట్' అని ఊరుకొంటే చదివినవారు ఫోను చేసి అడగాలి, లేదా ఊహించుకోవాలి. యంత్రాల దగ్గర ఊహ మంచిది కాదు. ఈ, డి అనే ఆ రెండక్షరాలు చేసే పని అంతటిది. కనుక ఈ మాసము క్రమక్రియల సంగతి చూద్దాము.

మొదట ధైర్యము చెప్పే మాట ఒకటి. భూతకాలములో మన తెలుగు క్రియకు ఎన్ని రూపాలో లెక్కించండి: పనిచేశాను, పనిచేశావు, పనిచేశాడు, పనిచేసింది, పనిచేశాము, పనిచేశారు. ఇంగ్లీషులో వీటన్నిటికీ 'వర్క్‌డ్' ఒక్కటే. అసలు క్రమక్రియకు ఉన్న రూపాలే నాలుగు: వర్క్, వర్క్స్, వర్కింగ్, వర్క్‌డ్. మిగిలిన భారమంతా యామ్, వాజ్, హావ్, హాడ్, విల్ వంటి సహాయక క్రియలు మోస్తాయి. ఇన్ని రూపాలను తడుముకోకుండా పలికే మన పిల్లలు 'మై ఫాదర్ వర్క్ ఇన్ ది ప్లాంట్' అని ఒక్క 'ఎస్'ను వదలివేయటానికి కారణము తెలివి తక్కువై కాదు. తెలుగులో ప్రతి పురుషకూ ప్రత్యయము మారుతుంది. ఇంగ్లీషు వర్తమానములో హి, షి, ఇట్ అనే మూడింటి దగ్గరే మారుతుంది. అరుదుగా వచ్చేదానినే మరచిపోతాము.

ఇక అసలు చిక్కు కాలాలలో ఉన్నది. మన వ్యాకరణములో భూత, భవిష్యత్, వర్తమానాలతోపాటు తద్ధర్మము అని మరొకటి ఉన్నది. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణము కూడా దీనిని చెప్పినది. సూర్యుడు తూర్పున ఉదయించును అన్నప్పుడు అది నేటి సంగతీ కాదు, రేపటి సంగతీ కాదు, స్వభావము. ఇంగ్లీషు 'సింపుల్ ప్రెజెంట్' చాలావరకు ఈ తద్ధర్మమే. నేటి వాడుకలో మనము 'రోజూ వెళ్తాను' అన్నా, 'రేపు వెళ్తాను' అన్నా క్రియ ఒక్కటే కాబట్టి పిల్లవానికి ఆ తేడా చెవికి తగలదు.

ఇక్కడ సెక్టర్ 7లో పెరిగే తెలుగు పిల్లలకు ఒక సదుపాయము ఉన్నది, దానిని మనము తగినంతగా వాడుకోవటము లేదని నా అభిప్రాయము. వీరికి ఆటస్థలములోనే హిందీ వచ్చేస్తుంది. హిందీలో 'కర్తా హూఁ' వేరు, 'కరూంగా' వేరు. మొదటిది 'ఐ వర్క్', రెండవది 'ఐ విల్ వర్క్'. అలాగే మనము రెండు చోట్లా 'చేశాను' అనే దానికి హిందీలో 'కియా', 'కియా హై' అని రెండున్నవి. 'కియా హై' అనిపించిన చోట 'ఐ హావ్ వర్క్‌డ్' సాధారణముగా సరిపోతుంది. అయితే తేదీ చెప్పినచోట 'హావ్' పనికిరాదు. మన కర్మాగారపు మొదటి బ్లాస్ట్ ఫర్నెస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దీనిని 'ఇనాగరేటెడ్' అనే చెప్పాలి, 'హాజ్ ఇనాగరేటెడ్' కాదు. భిలాయి దశాబ్దాలుగా రైలుపట్టాలు అందిస్తున్నదని చెప్పేటప్పుడు మాత్రము 'హాజ్ సప్లైడ్' చక్కగా కుదురుతుంది, ఆ పని ఇంకా ఆగలేదు కనుక.

హిందీ కూడా కాపాడలేని చోటు ఒకటున్నది. '2010 నుండి పనిచేస్తున్నాను' అని తెలుగులోనూ హిందీలోనూ వర్తమానములోనే అంటాము. ఆ అలవాటుతో ఇంటర్వ్యూలో 'ఐ యామ్ వర్కింగ్ సిన్స్ 2010' అని వచ్చేస్తుంది. నేనూ చాలాకాలము అలాగే అన్నాను, ఎవరూ దిద్దలేదు. 'ఐ హావ్ బీన్ వర్కింగ్ సిన్స్ 2010' అనాలి.

'డిడ్ యు చెక్‌డ్?' అనే తప్పును పోగొట్టటానికి తెలుగే చాలును. 'చూశాను'కు వ్యతిరేకము 'చూడలేదు' గాని 'చూశానులేదు' కాదు గదా! కాలాన్ని 'లేదు' మోస్తున్నది కనుక క్రియ మూలానికి చేరినది. 'డిడ్' వచ్చినప్పుడూ అంతే: 'డిడ్ యు చెక్?', 'ఐ డిడ్ నాట్ చెక్.'

ఉచ్చారణ విషయములో మన పరుష, సరళాలు ఎంత ఉపకరిస్తాయో చెప్పకుండా ఉండలేను. మనలో చాలామంది 'వర్కెడ్', 'హెల్పెడ్' అంటారు. క, చ, ప వంటి పరుషాలతోనూ, స, ష, ఫ ధ్వనులతోనూ ముగిసే క్రియకు ఈ ప్రత్యయము 'ట్' అని పలుకుతుంది: వర్క్ట్, హెల్ప్ట్, వాష్ట్. గ, బ వంటి సరళాలు, అచ్చులు, న, మ, ల, ర వంటి తక్కిన నాద ధ్వనుల తరువాత 'డ్': రబ్డ్, ఓపెన్డ్, ప్లేడ్. క్రియ చివరే ట, డ ఉంటే రెండూ కలిసిపోకుండా మధ్య ఒక ఇకారము వచ్చి 'స్టార్టిడ్', 'లోడిడ్' అవుతుంది. సంధులు నేర్చిన చెవికి ఇది కొత్త కాదు. వ్రాతలో 'స్టాప్'కు పి రెట్టింపు కావటము, 'క్యారీ'లో వై పోయి ఐ రావటము వంటివి చదువుతూ ఉంటే అవే పట్టుబడతాయి.

పిల్లలకు ఈ నెల పని: 'ది ఆపరేటర్ చెక్స్ ది హుక్ బిఫోర్ ఎవ్రీ షిఫ్ట్' అనే వాక్యాన్ని నిన్నటికి, ఇప్పటికి, రేపటికి, ఇప్పుడే ముగిసిన పనికి మార్చి నాలుగు వాక్యాలు వ్రాయండి. 'బిఫోర్ ఎవ్రీ షిఫ్ట్' అనే మాటలు ఏ వాక్యములో నిలుస్తాయో, ఎక్కడ తీసివేయవలసి వస్తుందో ఇంట్లో పెద్దలతో కూర్చుని తేల్చండి.