గురక హాయి నిద్రకు గుర్తు కాదు

మన ఇళ్ళలో ఎవరైనా గుర్రుపెట్టి నిద్రపోతుంటే "అదృష్టవంతుడు, పడుకుంటే చాలు ఒళ్ళు తెలియదు" అంటాం. మందిరంలో ప్రసంగం మధ్య కునికిపాట్లు పడేవారిని చూసి ముసిముసిగా నవ్వుకుంటాం. నేనూ చాలా ఏళ్ళు అలాగే నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఎందుకో చెబుతాను.

నేను పనిచేసిన ఒక బి.పి. ఓ.పి.కి ఒక లారీ డ్రైవరు రెండేళ్ళపాటు వచ్చాడు. మూడు రకాల మాత్రలు వాడుతున్నా బి.పి. దిగేది కాదు. వచ్చిన ప్రతిసారీ వరండాలో బల్ల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయేవాడు. రెండు మూడు సార్లు పిలిస్తేగాని లేచేవాడు కాదు. "ఉప్పు మానలేదు కదూ? మాత్రలు సరిగ్గా వేసుకోవడం లేదు కదూ?" అని నేనే గద్దించాను. మందులు సరిగ్గా వాడడం లేదని చీటీ మీద రాశాను కూడా.

ఒకరోజు అతనితో భార్య వచ్చింది. నేను మళ్ళీ గద్దించబోతుంటే ఆమె అడ్డుకుంది. "మాత్రలు నేనే చేతికిస్తాను సిస్టరమ్మా. రాత్రిళ్ళు ఈయనకు ఊపిరి ఆగిపోద్ది. గట్టిగా గురక పెడుతూ ఒక్కసారిగా చప్పుడుండదు. నేను భయపడి భుజం పట్టి కుదిపితే అప్పుడు ఎగపీల్చుకుంటారు. నేను కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో" అంది.

రెండేళ్ళలో మేమెవరమూ ఈ ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే మొదటి నెలలోనే తెలిసేది. ఆ రెండేళ్ళూ అతను రాత్రింబవళ్ళు లారీ నడుపుతూనే ఉన్నాడు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఆ జబ్బు పేరు స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు కండరాలు వదులై, నాలుక వెనక్కి జారి, గాలి దారి మూసుకుపోతుంది. ఛాతీ ఎగిరిపడుతున్నా లోపలికి గాలి పోదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడి మనిషిని అరక్షణం లేపుతుంది, దారి తెరుచుకుంటుంది, మళ్ళీ నిద్ర. పొద్దున లేచాక అతనికి ఇవేవీ గుర్తుండవు. పెద్దవారిలో ఊపిరి 10 సెకండ్లు, అంతకు మించి ఆగడాన్నీ బాగా తగ్గిపోవడాన్నీ ఒక్కొక్కటిగా లెక్కిస్తారు. గంటకు 5 నుండి 15 వరకు ఉంటే తక్కువ స్థాయి, 15 నుండి 30 వరకు మధ్య స్థాయి, 30 దాటితే తీవ్రం. రాత్రంతా ఇలా జరిగితే బి.పి. ఎలా దిగుతుంది? పగలు కళ్ళు మూతలు పడకుండా ఎలా ఉంటాయి?

'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' సినిమాలకు సంగీతం చేసిన బప్పీలహరి 2022 ఫిబ్రవరిలో ముంబైలో చనిపోయినప్పుడు, మాటిమాటికీ వచ్చే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌తో పాటు ఈ జబ్బూ కారణమని వైద్యులు చెప్పారు. చాలామంది దీని పేరు వినడం అప్పుడే. కాని ఇది పేరున్నవారికి మాత్రమే వచ్చేది కాదు.

నా అభిప్రాయం ఒక్కటే. బి.పి., షుగర్ ఓ.పి.కి వచ్చే ప్రతివారినీ గురక గురించి అడగాలి. దీనికి పెద్ద డాక్టరుగారే అక్కరలేదు, బి.పి. చూసే నర్సు చాలు. ఎనిమిది ప్రశ్నల పద్ధతి ఒకటి 2008 నుండి వాడుకలో ఉంది:

1. తలుపు మూసినా వినబడేంత గురక ఉందా?
2. పగలు అలసట, నిద్రమత్తు ఉంటుందా?
3. నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా?
4. బి.పి. ఉందా?
5. బి.ఎం.ఐ. 35 దాటిందా?
6. వయసు 50 దాటిందా?
7. మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా?
8. మగవారా?

మూడు 'అవును'లు వస్తే డాక్టరుగారికి చెప్పాలి. అయిదు, అంతకు మించి వస్తే ఆలస్యం చేయకూడదు. మనవాళ్ళలో అంత బరువు లేకపోయినా ఈ జబ్బు వస్తుంది కాబట్టి సన్నగా ఉన్నారని వదిలేయకండి. ఆడవారికి రాదనీ అనుకోవద్దు. బహిష్టులు ఆగిన తరువాత వారిలో పెరుగుతుంది. వారు గురక సంగతి సిగ్గుతో చెప్పరు. నీరసం, తలనొప్పి, నిద్ర పట్టడం లేదు అని మాత్రమే చెబుతారు. అప్పుడు నిద్రమాత్రలు ఇవ్వడం ప్రమాదం. అవి గొంతును ఇంకా వదులు చేస్తాయి.

"పరీక్షకు, యంత్రానికి డబ్బు ఎక్కడిది? చేయలేనప్పుడు అడగడం ఎందుకు?" అని కొందరు అంటారు. వారి బాధ నాకు అర్థమవుతుంది. కాని అడిగితే ఖర్చు లేకుండా చేయగలిగినవి చాలా ఉన్నాయి. వెల్లకిలా కాక ఒక పక్కకు తిరిగి పడుకోవాలి. బనియను వెనుక బంతి పెట్టి కుడితే వెల్లకిలా తిరగరు. సారా, బ్రాందీ మానాలి. ముక్కు దిబ్బడకు, థైరాయిడ్‌కు చికిత్స చేయించుకోవాలి. బరువు తగ్గాలి. అమెరికాలో 2000లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం, బరువు 10 శాతం తగ్గితే ఊపిరి ఆగడాలు సుమారు 26 శాతం తగ్గుతాయి. నిద్ర వస్తుంటే బండి నడపకూడదు. దీనికి మాత్రం మినహాయింపు లేదు.

జబ్బు తీవ్రంగా ఉంటే సీప్యాప్ అనే యంత్రం మేలైనది. ముక్కుకు మాస్కు తొడిగి, గాలి ఒత్తిడితో గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. ఆస్ట్రేలియాలో డాక్టర్ కోలిన్ సల్లివన్ దీని గురించి 1981లో ప్రచురించారు. యంత్రం వెల పదుల వేలలో ఉంటుంది, నిజమే. ఇది అన్నిటికీ మందు కాదన్నదీ నిజమే. గుండెజబ్బు ఉన్నవారి మీద జరిపి 2016లో ప్రచురించిన పెద్ద పరిశోధనలో గుండెపోట్లు తగ్గినట్టు తేలలేదు. అయితే వారు రాత్రికి సగటున మూడు గంటల పైచిలుకే వాడారు. పగటి నిద్రమత్తు మాత్రం తగ్గింది. బరువు ఎక్కువగా ఉన్న రోగుల కోసం టిర్జెపటైడ్ అనే ఇంజెక్షన్‌కు అమెరికా 2024 డిసెంబరులో ఆమోదం ఇచ్చింది. అదీ ఖరీదైనదే, డాక్టరుగారి సలహా లేకుండా వాడకూడదు.

మా లారీ డ్రైవరుకు పట్నంలో పరీక్ష చేయిస్తే గంటకు 30 దాటింది. కొడుకులు, బావమరిది కలిసి యంత్రం కొన్నారు. మొదటి వారం మాస్కు పీకి పారేశాడు. భార్య పక్కన కూర్చుని అలవాటు చేసింది. బి.పి. మాత్రలు పూర్తిగా పోలేదు. కాని ఇప్పుడు బల్ల మీద నిద్రపోవడం లేదు. నేను అతనికి క్షమాపణ చెప్పాను. అతను నవ్వి, "మీకేం తెలుసమ్మా, నాకే తెలియలేదు" అన్నాడు. తెలుసుకోవడం మా పని కదా!

పాఠకులకు నా మనవి. ఓ.పి.కి వచ్చేటప్పుడు మీ పక్కన పడుకునేవారిని వెంట తీసుకురండి. ఈ జబ్బుకు వారే సాక్షులు. ఊపిరి ఆగడం చూస్తే సెల్‌ఫోనులో ఒక నిమిషం వీడియో తీసి చూపించండి. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టరుగారికి గురక సంగతి ముందే చెప్పండి. నోరు తెరిచి గురక పెట్టే పిల్లలను కూడా తీసుకురండి, వారిలో ఎక్కువగా టాన్సిల్స్ కారణం. మేము అడగడం మరచిపోతే మీరే చెప్పండి. ఏ సిస్టరైనా నాలాగా గద్దిస్తే, ఆ ఇల్లాలిలాగా మీరూ అడ్డుకోండి.