కమ్యూనిటీ హాలు తాళంచెవి

ఘాజియాబాద్‌లో పెరిగే మన పిల్లలకు కళలు అందనంత దూరమన్న మాట పాతబడిందని కొందరు మిత్రులు అంటున్నారు. అది సగమే నిజం. 2011లో మెట్రో వైశాలికి వచ్చింది. అక్కడ ఎక్కినవారు బండి మారకుండానే మండీ హౌస్‌లో దిగి కమానీ, శ్రీరామ్ సెంటర్, త్రివేణి కళా సంగమ్‌లకు నడిచి వెళ్లవచ్చును. 2019లో మరో మార్గం షహీద్ స్థల్ వరకు వచ్చింది. కళను చూడడానికి దారి ఏర్పడింది.

మరి నేర్చుకోవడానికో? రాజా, రాధా రెడ్డి దంపతులు కూచిపూడి నేర్పడానికి స్థాపించిన నాట్యతరంగిణి సాకేత్ ప్రాంతంలో ఉంది. షహీద్ స్థల్‌లో ఎక్కి, కశ్మీరీ గేట్‌లో మారి వెళ్లాలి. బడి నుంచి అలసి వచ్చిన పిల్ల వారానికి రెండుసార్లు అంత దూరం వెళ్లగలదా? తోడు వెళ్లవలసిన వారికి షిఫ్టు డ్యూటీ!

1977లో ఢిల్లీ ఐ.ఐ.టి. ఆచార్యులు కిరణ్ సేఠ్ ప్రారంభించిన స్పిక్ మెకే ఉద్యమం ఈ చిక్కును తిరగవేసి చూసింది. పిల్లలను కళాకారుని వద్దకు పంపక, కళాకారునే విద్యాసంస్థకు రప్పించింది. మనకూ అదే మార్గమని మా అభిప్రాయం. గురువు ఒక్కరు ప్రయాణం చేస్తే ఇరవై మంది పిల్లలకు ప్రయాణం తప్పుతుంది.

చోటు లేదనడానికి వీలులేదు. మన కమ్యూనిటీ హాలు పెళ్లిళ్లకు, ఉగాదికి తెరుస్తున్నాము; తక్కిన సాయంకాలాలు తాళమే. ఉగాదికి వారం ముందు పిల్లల చేత సినిమా పాటలకు గంతులు వేయించి బహుమతులు పంచుతాము. (మేమూ పంచినవారమే.) మంగళ, శుక్రవారాలలో ఆరు నుంచి ఏడున్నర వరకు హాలును పిల్లలకు విడిచిపెట్టవలసిందిగా సంక్షేమ సంఘాన్ని కోరుతున్నాము. తాళంచెవి బాధ్యత వహించగలవారు తమ పేరు మాకు తెలుపగలరు.