సర్కారుకేం పని అంటారా?

వెంటిలేటర్ ఉంచాలా, తీసేయాలా అన్నది కుటుంబం తేల్చుకోవాల్సిన విషయం, మధ్యలో ప్రభుత్వానికేం పని? ఈ మాట చదువుకున్నవాళ్ల నోట తరచూ వింటున్నాం. సాక్ష్యంగా అమెరికాలోని టెర్రీ షైవో కేసు చూపిస్తారు. 1990లో గుండె ఆగి మెదడు దెబ్బతిన్న ఆమెకు ఆహారగొట్టం తీసేయాలని భర్త, వద్దని తల్లిదండ్రులు ఏళ్ల తరబడి పోరాడారు. 2003లో ఫ్లోరిడా చట్టసభ ఆమె కోసమే ఓ చట్టం చేసింది. 2005 మార్చిలో అప్పటి అధ్యక్షుడు బుష్ టెక్సస్ నుంచి హుటాహుటిన వచ్చి అర్ధరాత్రి దాటాక మరో చట్టంపై సంతకం పెట్టాడు.

రోత రాజకీయమే, కాదనను. దాన్ని అడ్డుకున్నదెవరు మరి? కోర్టులు. అలాంటి బతుకు ఆమె కోరుకోదని సాక్షులను విచారించి 2000లో తేల్చింది కోర్టే. ఫ్లోరిడా చట్టాన్ని 2004లో కొట్టేసిందీ ఆ రాష్ట్ర సుప్రీంకోర్టే. అవి రాజ్యంలో భాగం కావా? కుటుంబానికి వదిలేయమంటే ఏ కుటుంబానికి, భర్తకా, కన్నవాళ్లకా?

మన దగ్గర గొడవ వేరు. ఇక్కడ నిర్ణయం జరిగేది బిల్లు కౌంటర్ దగ్గర. పొలం తాకట్టు పెట్టాక, ఇక అప్పు పుట్టదని తెలిశాక, డాక్టరు "ఇంటికి తీసుకెళ్లిపోండి" అంటాడు. వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నామని కొడుకు సంతకం పెడతాడు. పొమ్మన్నది ఆయన, ధిక్కరించింది వీడట! అంబులెన్సులో చేత్తో అంబు బ్యాగ్ నొక్కుకుంటూ ఊరు చేరతారు. ఇంట్లో ట్యూబు తీస్తారు. ఆయాసానికి, నొప్పికి మందిచ్చే దిక్కుండదు. కుటుంబ స్వేచ్ఛంటే ఇదేనా?

ఆస్తి కోసం కొడుకులే చంపేస్తారన్న భయం ఉత్తదేం కాదు. అందుకే బయటి డాక్టరు కావాలి. గౌరవంగా చనిపోయే హక్కును 2018లో గుర్తించిన సుప్రీంకోర్టు, ఆచరణలో నడవని పద్ధతిని 2023లో సడలించింది. చివరి దశలో ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే లివింగ్ విల్‌కు మేజిస్ట్రేట్ అక్కర్లేదు, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ చాలు. ఆసుపత్రిలో ముగ్గురు డాక్టర్ల బోర్డు, దానిపై మరో ముగ్గురితో రెండో బోర్డు. వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. రెండో బోర్డులో ఒకరిని నియమించాల్సింది ఎవరు? జిల్లా ప్రధాన వైద్యాధికారి, అంటే సర్కారే. ఆ పేరు రాకపోతే బోర్డు కూర్చోదు, రోగి మళ్లీ బిల్లు కౌంటర్‌కే వస్తాడు.

కర్ణాటక 2025 జనవరిలో ఈ పద్ధతి అమలుకు ఉత్తర్వులిచ్చింది. మన రెండు రాష్ట్రాల వైద్యశాఖలను అడగాల్సింది తప్పుకోమని కాదు. ప్రతి జిల్లాలో పిలిస్తే వచ్చే డాక్టర్ల జాబితా, లివింగ్ విల్ తీసుకుని భద్రపరిచే మనిషి మున్సిపాలిటీలో, పంచాయతీలో ఒకరు, చివరి రోజుల్లో ఇంటికొచ్చి మార్ఫిన్ ఇచ్చే నర్సు. ఇవి ఏ కుటుంబమూ సొంతంగా సమకూర్చుకోలేదు.