సూరత్‌లో రెండు తెలుగు వలసలు, రెండు సంగీత గతులు

సూరత్ నగరానికి దక్షిణాన, పాండేసర పారిశ్రామిక వాడను ఆనుకుని ఉన్న వడోద్ ఒకప్పుడు గ్రామం. ఇప్పుడది మిల్లుల్లో పని కోసం పలు రాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాల నివాసం. ఇదే నగరంలో మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలు లింబాయత్ వైపు ఎక్కువగా స్థిరపడ్డాయి. శాస్త్రీయ సంగీతం గురించిన చర్చ ఇటువంటి చోట మొదలుకావడం వింతగా తోచవచ్చు. కానీ ఉత్తరాదిది హిందుస్థానీ, దక్షిణాదిది కర్ణాటకం అని పాఠ్యపుస్తకాలు గీసే గీత ఎంత పలుచనిదో, ఒక సంప్రదాయం నిలబడటానికి నిజంగా ఏం కావాలో తెలుసుకోవాలంటే సూరత్‌ను పరిశీలించడం మేలు.

నగరంలోని బాలకృష్ణలాల్ హవేలీ పుష్టిమార్గ వైష్ణవుల ముఖ్య క్షేత్రాల్లో ఒకటి. ఈ మార్గాన్ని స్థాపించిన వల్లభాచార్యులు (1479–1531) ఆంధ్రదేశపు మూలాలున్న తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. ఆయన కుమారుడు విఠలనాథుడు సూరదాసు, కుంభనదాసు, నందదాసు తదితర ఎనిమిది మంది కవిగాయకులను ‘అష్టఛాప్’ పేరిట ఒక్కచోటికి చేర్చారు. రోజుకు ఎనిమిది దర్శనాలు; ఆయా వేళకూ ఋతువుకూ తగిన రాగంలో కీర్తన. ధ్రుపద, ధమార్ పద్ధతుల్లో, పఖావజ్ తోడుగా సాగే ఈ గానాన్నే హవేలీ సంగీతం అంటారు. ఆచార్య వంశం తన తెలుగు మూలాన్ని ‘తైలంగ’ అనే పేరులో నిలుపుకుంది. పాట మాత్రం పూర్తిగా వ్రజభాషకు మారింది. భాష పోయినా సంగీతం నిలిచిందంటే కారణం భక్తి ఒక్కటే కాదు. నిత్యసేవలో కీర్తనకారుడికి ఒక స్థానం, ఒక బాధ్యత ఉన్నాయి. ఆ ఏర్పాటే శతాబ్దాల పాటు శైలిని కాపాడింది.

సూరత్‌కు ఉత్తరాన సుమారు 150 కిలోమీటర్ల దూరంలో వడోదర ఉంది. పేరులో పోలిక ఉన్నా వడోద్ వేరు, వడోదర వేరు. అక్కడి గైక్వాడ్ ఆస్థానంలో జరిగినది మరింత ఆసక్తికరం. ఉత్తరాది గాయకుడైన మౌలా బక్ష్ మైసూరు ఆస్థానానికి వెళ్లి కర్ణాటక సంగీతం అభ్యసించి వచ్చారు. స్వరలిపితో పాఠాలు రూపొందించి, 1886లో సయాజీరావు ఆదరణతో సంగీత పాఠశాలను ప్రారంభించారు. అదే నేటి మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయ ప్రదర్శన కళల విభాగానికి మూలం. తొలి అఖిల భారత సంగీత సమ్మేళనం కూడా 1916లో వడోదరలోనే జరిగింది. దాని వెనుక ఉన్న విష్ణు నారాయణ భాత్‌ఖండే 1904లో దక్షిణ దేశంలో పర్యటించి, ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులను కలిశారు. వేంకటమఖి 72 మేళాల పద్ధతిని ఆయన లోతుగా చదివారు. హిందుస్థానీ రాగాలను పది ఠాట్‌లుగా వర్గీకరించడంలో ఆ అధ్యయనం ప్రభావం కనిపిస్తుంది. సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అదే 1904లో వెలువడింది. తమిళ దేశంలో అచ్చయిన ఆ మహాగ్రంథం తెలుగు లిపిలో ఉంది.

అంటే రెండు పద్ధతులూ ఎన్నడూ తలుపులు మూసుకుని కూర్చోలేదు. మోహనకు భూప్, కల్యాణికి యమన్, హిందోళానికి మాల్‌కౌంస్ దగ్గరి చుట్టాలు. పేర్లను మాత్రం నమ్మరాదు: కర్ణాటక తోడి స్వరాలు హిందుస్థానీలో భైరవికి చేరువ, అక్కడి తోడి స్వరాలు మనకు శుభపంతువరాళి. కిరానా ఘరానా దిగ్గజం అబ్దుల్ కరీం ఖాన్ ఖరహరప్రియలోని త్యాగరాజ కృతిని తెలుగులోనే పాడి రికార్డు ఇచ్చారు.

అసలైన తేడా మాట దగ్గర ఉంది. ఖయాల్‌లో బందిష్ చిన్నది. స్థాయి, అంతరా అనే రెండు భాగాలు. రాగ విస్తారానికి అది ఆధారం మాత్రమే, సాహిత్యం వెనక్కి తగ్గినా కచేరీ సాగుతుంది. కృతి అలా కాదు. పల్లవి, అనుపల్లవి, చరణాల నిర్మాణం, సంగతుల వరుస, నెరవుకు ఎంచుకునే పాదం అన్నీ సాహిత్యంతో ముడిపడినవి. ఆ సాహిత్యంలో అధిక భాగం తెలుగు. తెలుగు రాని గాయకులు కూడా గొప్పగా పాడారు, సందేహం లేదు. అయినా పదాన్ని ఎక్కడ విరవాలో, ఏ మాట మీద నిలవాలో భాష తెలిసిన చెవికి ముందే తెలుస్తుంది.

రెండో వలస కథ ఇక్కడే తలకిందులవుతుంది. నేత కుటుంబాలు తమ మాటను వెంట తెచ్చుకున్నాయి. సూరత్ నగరపాలక సంస్థ విద్యా సమితి గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిష్‌తో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. కానీ కృతిని కాపాడటానికి వారికి హవేలీ వంటి నిత్యసేవ గానీ, గైక్వాడ్ వంటి ఆస్థానం గానీ లేవు. ఇక్కడ సంగీతం నేర్చుకునే పిల్లలకు అందుబాటులో ఉండేది ప్రధానంగా గాంధర్వ మహావిద్యాలయ మండల్ పరీక్షల మార్గం. అది హిందుస్థానీ బాట. అందులో తప్పేమీ లేదు. పక్క వీధిలో దొరికే గురువు దగ్గర నేర్చుకోవడమే ఏ బాణీకైనా సహజం.

జాతీయ విద్యా విధానం 2020 మాతృభాషలో బోధననూ, పాఠాల్లో కళలనూ ఒకే పత్రంలో సమర్థించింది. ఆ రెండూ కలవగల చోటు సూరత్ తెలుగు బడి. కొత్త భవనాలు అక్కర్లేదు. సరళీ స్వరాలు, పిళ్లారి గీతాలు చెప్పగల ఉపాధ్యాయుడు వారానికి రెండు పూటలు వస్తే ఆరంభానికి చాలు. అయితే తల్లిదండ్రులు ఇంగ్లిష్, గుజరాతీ మాధ్యమాల వైపు మొగ్గితే తెలుగు తరగతి నిలవడమే కష్టం. సంగీత ఉపాధ్యాయుడి ప్రశ్న ఆ తర్వాతది. తెలుగు తరగతిలో పిల్లల హాజరు పట్టీయే రెండింటినీ తేలుస్తుంది.