బోతీ ఫ్రీ కాదు

స్కాట్లాండ్ ఉత్తర కొసన, కేప్ రాత్ దగ్గర, సముద్రపొడ్డున కెర్‌వేగ్ అనే ఇల్లుంది. తాళం లేదు, అద్దె లేదు, కరెంటూ లేదు. మరుగుదొడ్డి బదులు ఒక పార. ఇలాంటి బోతీలు సుమారు వందింటిని 1965లో పుట్టిన మౌంటెన్ బోతీస్ అసోసియేషన్ చూసుకుంటోంది.

మన యాత్రా రచనల్లో, వీడియోల్లో మాత్రం ఇవి ‘ఫ్రీ స్టే’లు! ఫ్రీ ఏమిటండీ? కప్పు బాగుచేసేది జీతం లేని వాలంటీర్లు. ఇళ్ళు దాదాపు అన్నీ భూమి యజమానులవి. వాళ్ళు వద్దంటే తలుపు మూతే. అందుకే ఆరుగురు, అంతకు మించిన గుంపులు రావద్దనీ, చెత్త వెంట తీసుకుపొమ్మనీ నియమాలు.

డబ్బు అడగని చోట బాధ్యత అడుగుతారు. ఆ సంగతి దాచి లొకేషన్ పంచడం యాత్రాసాహిత్యం కాదు, దళారీతనం. పంచాలనుంటే ముందు ఆ నియమాలు పంచండి.